ఎదుటి కుర్చీ వంతు

జపాన్‌లో మా కుషిరో రేవుకొచ్చి ఎవరినైనా ఆపి అడగండి. కమోమె కాఫీ షాపులో ఉన్న ఆ ఆట బల్ల మీద నన్ను ఓడించిన మొనగాడు ఇప్పటిదాకా పుట్టలేదు. గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు గానీ, ఉన్న నిజాన్ని దాచుకోవడం కూడా తప్పే కదా. అంచేత ఈ కథ చెప్పాల్సింది నేనే.

మొదలుపెట్టాల్సింది మాత్రం బల్ల కింద నుంచి.

ఎందుకంటే ఆ షాపు పిల్ల సయో, ఊరికి కొత్తగా వచ్చిన దైగోని మొట్టమొదట చూసినప్పుడు ఆమెకి కనిపించింది అతని మొహం కాదు. బల్ల కింద నుంచి పొడుచుకొచ్చిన రబ్బరు బూట్లు, వాటిపైన తడిసిన ప్యాంటు, దానిపైన మర్యాదగా వర్ణించలేని భాగం.

"ఎవరది? బల్ల కింద ఏం పని?"

తల బల్లకి ఠంగున తగిలింది. "అబ్బా! నేనేనండీ, ఐసు ఫ్యాక్టరీ. ఐసు వెనక గదిలో పెట్టేశాను. ఫోను చచ్చిపోయింది, కాస్త చార్జింగ్ పెట్టుకుందామని..."

"దేని ప్లగ్గు పీకావు?"

"ఈ పాత ఆట మెషీన్‌దండీ. ఎవరూ ఆడట్లేదు కదా అని."

సయో చేతిలోని ట్రే జారిపడింది. కప్పులు పగిలిన సంగతి కూడా పట్టించుకోకుండా వచ్చి బల్ల ముందు మోకాళ్ల మీద కూలబడి, గాజు మీద రెండు అరచేతులూ ఆనించింది. చంటిపిల్లకి జ్వరం ఉందేమో చూసినట్టు చూసింది.

తెర ఆరిపోయింది. అయినా నల్లటి గాజు లోపల ఏదో బూడిదరంగు నీడ. మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక పెద్ద అంకె. ఏళ్ల తరబడి ఒకే చోట వెలిగి వెలిగి, తెరలోనే కాలి అచ్చుపడిపోయాయి. జి, ఇ, ఎన్.

"ఉండండి ఉండండి, ఇప్పుడే పెట్టేస్తాను," అంటూ దైగో ప్లగ్గు మళ్లీ గుచ్చాడు. తెర గిలగిల్లాడింది, గీతలు గీతలుగా వణికింది, వెలిగింది. పైన పేరూ అంకే ఉండాల్సిన చోట అన్నీ సున్నాలు.

"వచ్చేసిందిగా!" అన్నాడు దైగో, సంబరంగా.

సయో తలెత్తి చూసింది. అంత అందమైన కళ్లలో అంత కోపం పట్టడం దైగో అంతకుముందు చూడలేదు. కోపం సంగతి అలా ఉంచితే, కళ్ల సంగతి మాత్రం ఆ క్షణంలోనే మనసులో పడిపోయింది.

"నువ్వేం చేశావో తెలుసా?"

"ఒక ప్లగ్గు పీకాను."

"మా తాతయ్యని ఆర్పేశావు."

దైగో ఆవుల ఊరి నుంచి వచ్చినవాడు. కొండలకి అవతల, పాలు తప్ప చేపల వాసన తెలియని ఊరు. మా రేవులో పుట్టినవాడెవడూ ఆ ప్లగ్గు జోలికి వెళ్లడు.

సంగతేమిటంటే, ఆ బల్ల మెషీన్ సయో వాళ్ల తాత గెంజో రోజుల్లోది. దాని ఇంగ్లీషు పేరు మోచేతులు రాసుకుని ఎప్పుడో చెరిగిపోయింది. నల్లటి ఆకాశం, పైనుంచి వరుసలు కట్టి దిగే శత్రువులు, కింద అటూ ఇటూ జరుగుతూ కాల్చే ఒక చిన్న నౌక. అంతే ఆట. మా వాళ్లు ఆ శత్రువుల్ని పీతలనేవారు, నౌకని పడవ అనేవారు. బల్లకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. ఇద్దరు ఆడితే ఒకరి పడవ మునగ్గానే తెర మొత్తం తలకిందులై రెండోవాళ్ల వైపు తిరుగుతుంది.

అందరికంటే ఎక్కువ కొట్టినవాడు తన పేరులో మూడక్షరాలు పెట్టుకోవచ్చు. గెంజో పెట్టుకున్నాడు. ఆ రోజే వేటకి వెళ్లాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు.

ఆ మెషీన్‌కి గుర్తుపెట్టుకునే తెలివి లేదు. కరెంటు పోతే పేరూ పోతుంది. అందుకని గెంజో భార్య కియో దాన్ని ఇక ఆర్పలేదు. రేవు వాళ్లంతా కలిసి పాత పడవ బ్యాటరీలు తెచ్చి గోడవారన పేర్చారు. పెద్ద భూకంపానికి ఊరు ఊరంతా చీకటై, ఫ్రిజ్జుల్లో చేపలన్నీ కుళ్లి కంపుకొడుతుంటే, ఆ చీకట్లో పీతలు మాత్రం చక్కగా దిగుతూనే ఉన్నాయి.

ఇంకో మర్యాద కూడా ఉంది మా ఊళ్లో. ఎంత బాగా ఆడేవాడైనా, గెంజో అంకె దగ్గరపడుతుంటే మీట వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంటాడు. పడవని మునగనిస్తాడు. ఎదుటి కుర్చీలో ఎవరూ కూర్చోరు. అది గెంజోది.

"మీ బామ్మగారికి నేనే చెప్తాను," అన్నాడు దైగో, పాలిపోయిన మొహంతో.

"ఏమని చెప్తావు? ఆవిడ ఒబిహిరోలో ఆసుపత్రిలో ఉంది. కంటి ఆపరేషన్. ఇన్నేళ్లూ పొర కమ్మేసి ఆ పేరు ఆవిడకి కనపడనే లేదు. రోజూ గాజు తుడిచి, తడిమి, 'ఉన్నాడా?' అని నన్ను అడిగేది. 'ఉన్నాడు నానమ్మా' అనేదాన్ని. కొత్త కళ్లతో మొట్టమొదట చూసేది ఆ పేరే అని చెప్పి మరీ వెళ్లింది."

"ఎప్పుడొస్తారు?"

"వారం తిరక్కుండా."

దైగో జేబులోంచి నాణెం తీశాడు. "అంకె గాజులోనే ఉంది కదా. అంత కొట్టి ఆయన పేరే పెడతాను."

"ఎప్పుడైనా ఆడావా?"

"ఆవుల్ని తోలాను."

"ఛీ," అంది సయో.

ఐసు ఫ్యాక్టరీ పని తెల్లారకముందే మొదలై మధ్యాహ్నానికి అయిపోతుంది. అక్కణ్ణించి దైగో నేరుగా కమోమెకి వచ్చేసేవాడు, ఒంటి నుంచి ఇంకా చలి ఆవిరి కొడుతూ. సయో అతనికి పెట్టిన పేరు ఐస్‌గడ్డ.

"మళ్లీ చచ్చావు."

"చావలేదు. విశ్రాంతి తీసుకుంటున్నాను."

"నీ పడవ ఎప్పుడూ నడిమధ్యకే ఎందుకు పరిగెడుతుంది?"

"మంద మధ్యలో నిలబడితేనే అన్ని ఆవులూ కనపడతాయి."

సయోకి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టని మొహం తిప్పుకుని, తుడిచిన కప్పునే మళ్లీ తుడిచింది. కిటికీ అద్దంలో ఆ నవ్వు కనపడుతుందని ఆమెకి తెలియదు. దైగోకి తెలుసు. ఆ ఒక్క చూపుకి ఇంకో పడవ మునిగింది.

ఒకరోజు కౌంటరు చివర కూర్చున్న నా దగ్గరికొచ్చాడు. "తాతా, మిమ్మల్ని ఓడించినవాడే లేడటగా. కాస్త నేర్పించండి."

ఇక్కడ ఒక మాట చెప్పేయాలి. నన్ను ఓడించినవాడు లేడన్నది అక్షరాలా నిజం. నేను ఒక్కసారైనా ఆడితే కదా ఎవరైనా ఓడించడానికి! పడవల మీద వంట చేసినవాణ్ణి, నాకు గరిటె తప్ప మీట తిప్పడం రాదు. కాకపోతే గెంజో ఆడుతుంటే వెనక నిలబడి చూసినవాణ్ణి.

"గెంజో మధ్యలోకి పోయేవాడు కాదురా. ఎడమ గట్టు పట్టుకునేవాడు. రెండు దెబ్బలు కొట్టి, ఒక్క క్షణం ఆగి, ఇంకోటి. టక్ టక్... టక్. కళ్లు మూసుకున్నా ఆడేది ఎవరో తెలిసిపోయేది."

దైగో ఎడమ గట్టు పట్టాడు. ఆ రోజు నుంచి అంకె పెరగడం మొదలైంది.

"విసుగు రాదా?" అనడిగింది సయో, ఒక స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటూ. ఎదుటి కుర్చీలో కూర్చోకూడదు కదా మరి. పక్కన కూర్చోవడానికి అది చాలా మంచి కారణం.

"రావాలి. ఎందుకో రావట్లేదు. పొద్దున ఐసు దిమ్మలు వరుసగా జారుతుంటే పీతల్లా కనపడుతున్నాయి. ఫోనులో ఎన్ని ఆటలు లేవూ! రంగులు, బొమ్మలు, పాటలు. వాటిని గెలిచి అవతల పారేయొచ్చు. దీన్ని గెలవలేం సయో. ఒక వరుస అయితే ఇంకోటి, ఇంకాస్త తొందరగా. ఇంకాసేపు నిలబడతావా అని మాత్రమే అడుగుతుంది. జవాబు చెప్పకుండా లేవబుద్ధి కాదు."

సయో చేతిలోని గుడ్డతో గాజు అంచు తుడిచింది.

"మా నానమ్మ ఆడేదీ ఆ ఆటే," అంది.

అప్పుడు వినపడింది. టక్ టక్... టక్.

దైగో చెయ్యి మీట మీద లేదు. తెర మీద అతని పడవ కాల్చట్లేదు కూడా. చప్పుడు బల్లకి అటువైపు నుంచి వచ్చింది.

"ఎలకా?" అన్నాడు దైగో.

"మా షాపులో ఎలకలు లేవు," అంది సయో, ఎలక ఉంటే బాగుండుననిపించే గొంతుతో.

మర్నాడు ఎదుటి కుర్చీ మెత్త తడిగా ఉంది. సయో తుడిచింది. సాయంత్రానికి మళ్లీ తడి. వేలితో అద్ది నాలిక్కి రాసుకుంటే ఉప్పు.

ఆ మరుసటి రోజు దైగో ఒక్కడి ఆటకే నాణెం వేశాడు. పడవ మునగ్గానే తెర తలకిందులై అటువైపు తిరిగింది. ఇద్దరి ఆటలో తప్ప అలా తిరగకూడదు. కాసేపు పడవ కదలకుండా నిలబడింది, ఎవరో వచ్చి కూర్చోవడానికి చోటు చూసుకుంటున్నట్టు. తర్వాత తెర మామూలుగా ఇటు తిరిగింది.

సయో స్టూలు మీంచి లేచింది. "ఏం చేశావు?"

"నేనేం చేయలేదు!"

"నిన్న తడి, మొన్న చప్పుడు, ఇవాళ ఇది. బల్ల కింద దూరడం నీకు అలవాటే కదా. ఏ తీగ కలిపావు?"

"సయో, నాకు ప్లగ్గు పీకడం తప్ప ఇంకేం రాదు. నువ్వే చూశావు."

"నవ్వించు, పరవాలేదు. నవ్వాను కూడా. కానీ మా తాతయ్యని అడ్డంపెట్టి, నన్ను బెదరగొట్టి దగ్గరికి జరుపుకోవాలనుకుంటే..." తలుపు వైపు వేలు చూపించింది. "వెళ్లిపో."

దైగో టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. నాణెం గాజు మీదే ఉండిపోయింది. తర్వాతి ఆట నాదేనని చెప్పడానికి మా దగ్గర అలా పెట్టిపోతారు. సయో దాన్ని తీసేయబోయింది. తీయలేకపోయింది.

మర్నాడు ఒబిహిరో నుంచి ఫోను. డాక్టరు ఒక రోజు ముందే పంపించేస్తున్నాడు, మధ్యాహ్నం బండికి దిగుతున్నానంది కియో. "ఉన్నాడా?" అనడిగింది. సయో ఎప్పటిలాగే "ఉన్నాడు నానమ్మా" అంది. ఫోను పెట్టేసి గడియారం చూసింది.

ఆ రోజు సముద్రం మీంచి పొగమంచు తెరలు తెరలుగా వచ్చి వీధి మొత్తం మింగేసింది. రేవులో పడవలకి దారి చెప్పే బూర ఆగి ఆగి మూలుగుతోంది. అలాంటి మంచులో ఎవడొస్తాడు కాఫీకి? కమోమె ఖాళీ. ఎవరూ లేరు, సయో తప్ప. అటువైపు కుర్చీ వైపు చూడకుండా సయో ఐసు ఆర్డర్లకని దైగో ఇచ్చిన నంబరు నొక్కింది.

"ఐస్‌గడ్డా, ఎక్కడున్నావు?"

"మీ షాపు బయట."

"బయటా? ఎంతసేపట్నుంచి?"

"చాలాసేపైంది. మంచులో తలుపు కనపడట్లేదు."

సయో వెళ్లి తలుపు తీసింది. అతను తలుపుకి ముక్కు ఆనించేంత దగ్గరలో నిలబడి ఉన్నాడు.

"నానమ్మ బండి దిగే వేళయింది."

"తెలిసింది, రేవంతా చెప్పుకుంటున్నారు. తీగలేం కలపలేదు సయో."

"ముందు ఆడు. తర్వాత నమ్ముతాను."

గాజు మీది నాణెం లోపల పడింది. దైగో ఎడమ గట్టు పట్టాడు. ఇంతకుముందు ఎప్పుడూ అలా ఆడలేదు, తర్వాత కూడా ఆడలేదు. పీతలు వరుసలు వరుసలుగా రాలుతుంటే, అడుగున ఆ దడదడ చప్పుడు గుండెకంటే వేగంగా కొట్టుకుంటుంటే, గాజులో కాలిన నీడ అంకె కిందికి అసలు అంకె పాకుతూ వచ్చింది. సయో అతని భుజం పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఆఖరి పడవ మునిగింది.

నీడ అంకెకి ఇంకా కొంచెం తక్కువ.

"అయిపోయింది," అన్నాడు దైగో. "సయో, నన్ను క్షమించు. నేను..."

తెర తలకిందులైంది.

ఎదుటి కుర్చీ మెత్త మెల్లిగా కిందికి దిగింది, బరువైన మనిషి కూర్చున్నట్టు. చల్లటి ఉప్పువాసన, దానితో కలిసి తడి పొగాకు వాసన. అటువైపు మీట ఒకసారి అటూ ఇటూ కదిలి చూసుకుంది. తర్వాత అటువైపు ఎడమ గట్టుకి వెళ్లి నిలబడింది పడవ.

టక్ టక్... టక్. టక్ టక్... టక్.

సయో దైగో చెయ్యి పట్టుకుంది. వేళ్లు విరుగుతాయేమో అన్నంత గట్టిగా. దైగోకి నొప్పి తెలియలేదు. దైగో అంకె ఆగిన చోటి నుంచే మొదలై, అంకె పెరుగుతోంది. నీడ అంకె మీదికి అసలు అంకె ఎక్కింది, ఒకదాని మీద ఒకటి, గీతకి గీత సరిపోయేలా.

అక్కడ కాల్పులు ఆగిపోయాయి.

పడవ మెల్లిగా మధ్యలోకి వచ్చి నిలబడింది, చేతులు ఒళ్లో పెట్టుకున్నట్టు. మా ఊరి మర్యాద. పీతల వరుస దిగింది. పడవ మునిగింది.

పేరు పెట్టమని తెర అడిగింది. అటువైపు మీట అక్షరాల్ని ఒక్కొక్కటే తిప్పుతోంది, తొందరేం లేనట్టు. తలకిందులుగా ఉన్నా సయోకి మొదటి అక్షరం అర్థమైంది.

"జి కాదు," అంది గుసగుసగా. "దైగో, అది జి కాదు."

మూడు అక్షరాలూ పడ్డాయి. తెర ఇటు తిరిగింది. కె, ఐ, వై.

తలుపు గంట మోగింది.

నల్లకళ్లద్దాలు పెట్టుకుని కియో లోపలికి వచ్చింది. సంచీ కూడా దించకుండా నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. దైగో నడుం సగానికి వంచి, నేల చూస్తూ గడగడా చెప్పేశాడు. "బామ్మగారూ, తప్పు నాది. ఊరు కొత్త. ఫోను చార్జింగ్ కోసం ప్లగ్గు పీకాను. ఆయన పేరు పోయింది. సయో తప్పేం లేదు, ఆమెని ఏమీ అనకండి."

కియో అతని వైపు చూడలేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి గాజు మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"ఎవరు పెట్టారీ పేరు?"

సయో ఎదుటి కుర్చీ వైపు చూపించింది. కియో చెయ్యి చాచి మెత్త తడిమింది. తడి చేతిని చెంపకి ఆనించుకుంది.

"ఎప్పుడూ జి, ఇ, ఎన్. నా వంతు కూడా తనే ఆడేసి తన పేరే పెట్టుకునేవాడు, మాయదారి మనిషి. వెళ్లేరోజు పోట్లాడాను. ఒక్కసారైనా నా పేరు పెట్టొచ్చుగా అన్నాను. అవతల పడవ పిలుస్తోంది. తిరిగొచ్చాక పెడతాలేవే అన్నాడు." ఆమె నవ్వింది. "ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నీకు గానీ, మీ నాన్నకి గానీ."

అంటూనే వంగి, బల్ల కింద చెయ్యి పెట్టి, ప్లగ్గు పీకేసింది.

"నానమ్మా!"

తెర ఆరిపోయింది. నల్లటి గాజు. నీడ లేదు. అన్నేళ్లు కాలి అచ్చుపడ్డ ఆ మూడక్షరాలు, ఆ అంకె, తుడిచినట్టు లేవు.

"వచ్చాడు. పెట్టాడు. వెళ్లాడు. ఇంకెందుకే కరెంటు?" నడుం పట్టుకుని లేచి ఇద్దరి వైపూ చూసింది. "అన్నట్టు, ఈ డాక్టరు కళ్లు బాగానే చేశాడు. ఆ చేతులు కూడా స్పష్టంగా కనపడుతున్నాయి."

సయో ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోయింది. ఈసారి వదలనిది దైగో.

"బామ్మగారూ, నేను ఆవుల ఊరివాణ్ణి. ఆట కూడా సరిగ్గా రాదు. కానీ ఈ అమ్మాయి పక్కన ఇంకాసేపు నిలబడాలని ఉంది."

"ఎంతసేపట?" అంది సయో, కళ్లు తుడుచుకుంటూ.

"పీతలు అయిపోయేదాకా."

"అవి అయిపోవు ఐస్‌గడ్డా."

"అదే కదా చెప్తున్నాను."

కియో చెయ్యి చాచింది. "నీ ఫోను ఏదబ్బాయ్? ఇలా ఇవ్వు." దైగో చార్జరుతో సహా ఇచ్చాడు. ఆ ముసలావిడ మళ్లీ బల్ల కిందికి వంగి, గెంజో పేరుని అన్నేళ్లు వెలిగించిన ఆ చోట దాన్ని తన చేత్తో గుచ్చింది. "చచ్చిపోయి ఉంటుంది పాపం. దానికీ ఆకలేస్తుంది."

మా రేవులో దీవెన అంటే ఇంతకంటే ఏముంటుంది?

ఇప్పుడు ఆ మెషీన్‌ని రోజూ పొద్దున వెలిగిస్తారు, షాపు మూసేటప్పుడు ఆర్పేస్తారు. సయో ఇటు, దైగో అటు. ఎదుటి కుర్చీలో కూర్చోమని కియోనే చెప్పింది. ఎవరు నెగ్గినా మర్నాటికి సున్నాలే. దాని గురించి మాత్రం రోజూ పోట్లాడుకుంటారు.

వెళ్లేముందు ఒక్క సంగతి. ఈ కథలో ఒకటి నేను కల్పించి చెప్పాను. మీరు ఏది అనుకుంటున్నారో నాకు తెలుసు. అది కాదు.

ఆ రోజు పొగమంచు లేదు. బూరా మోగలేదు. కుషిరోలో అంత ఎండ ఏడాదికి ఒకసారి కాస్తుందో లేదో. దైగోకి తలుపు బాగానే కనపడింది, తోసే ధైర్యమే చాలలేదు. అంత ఎండలో ఇలాంటివి జరిగాయంటే మీరు నమ్మరని మంచు కప్పాను. షాపు ఖాళీ అన్నది కూడా ఆ మంచులో భాగమే. ఎండ కాసింది కాబట్టే నేను ఇంట్లో ఉండలేక కాఫీకి వచ్చాను. కౌంటరు చివర కూర్చున్నాను. కిటికీ ఎండ సరిగ్గా ఆ కుర్చీ మీదే పడుతుంటే, అందులో ఎవరూ లేకపోవడం నా రెండు కళ్లతో చూశాను.